స్కూలు నుంచి ఫిర్యాదు వచ్చాక: పిల్లల ప్రవర్తన గురించి టీచర్‌తో కలిసి పనిచేయడం ఎలా

"మీ బాబు క్లాసులో అస్సలు కుదురుగా ఉండటం లేదు, కాస్త చెప్పండి." డైరీలో ఇలాంటి వాక్యం కనబడితే ఇంట్లో జరిగేది దాదాపు ఒకటే. పిల్లాడికి తిట్లు పడతాయి, లేదా టీచర్ మీద కోపం వస్తుంది. రెండిటివల్లా మర్నాటి క్లాసులో మారేదేమీ ఉండదు, ఎందుకంటే ఆ వాక్యంలో సమాచారం లేదు. కుదురుగా లేకపోవడం అంటే సీటు వదిలి తిరుగుతున్నాడా, పక్కవాణ్ణి గిల్లుతున్నాడా, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటున్నాడా? మూడింటికీ మందు వేరు.

ఇంటికీ స్కూలుకీ మధ్య మాట చెడేది ఎక్కువగా ఇక్కడే. అటునుంచి విశేషణాలు వస్తాయి: మొండి, అల్లరి, బద్ధకం, పొగరు. ఇటునుంచి సంజాయిషీలు వెళ్తాయి. మీరు చేయాల్సింది ఆ విశేషణాల్ని క్రియలుగా మార్చుకుని, ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకే పనికి ఒకే రకంగా స్పందించేలా కుదుర్చుకోవడం. కింద చెప్పినదంతా దానికోసమే.

1. మొదటి జవాబు పొట్టిగా ఇవ్వండి

ఫిర్యాదు అందిన రోజే, లేదా మర్నాటి లోపు జవాబు వెళ్ళాలి. ఆలస్యమైతే పట్టించుకోవడం లేదనుకుంటారు. అలాగని చదివిన ఐదు నిమిషాల్లో టైప్ చేస్తే అందులో కోపమో, క్షమాపణో తప్ప ఇంకేమీ ఉండదు. ఇలా రాయొచ్చు:

"నమస్తే మేడమ్, మీ మెసేజ్ చూశాను, చెప్పినందుకు థాంక్స్. మూడు విషయాలు తెలిస్తే నాకు సాయంగా ఉంటుంది: ఏ పీరియడ్‌లో ఎక్కువ జరుగుతోంది, ఆ సమయంలో క్లాసులో ఏం పని నడుస్తోంది, వాడు అలా చేశాక ఏమవుతోంది. ఈ వారంలో 15 నిమిషాలు మాట్లాడటానికి మీకు ఎప్పుడు వీలవుతుంది?"

ఇందులో సమర్థించుకోవడం లేదు, తప్పు ఒప్పేసుకోవడమూ లేదు. టీచర్ ఆలోచించి జవాబివ్వగల ప్రశ్నలే ఉన్నాయి. "ఇంట్లో అయితే ఇలా చేయడు" అనే మాట నిజమే అయినా మొదటి మెసేజ్‌లో వద్దు. అవతలివాళ్ళకి అది "తప్పు మీ దగ్గరే ఉంది" అన్నట్టు వినిపిస్తుంది. తర్వాత సమాచారంగా అదే విషయం చాలా పనికొస్తుంది.

క్లాసు తల్లిదండ్రులందరూ ఉన్న గ్రూపులో మాత్రం ఒక్క ముక్క కూడా రాయకండి, టీచర్ అక్కడే ప్రస్తావించినా సరే. విడిగా మెసేజ్ పెట్టండి. స్కూలు గేటు దగ్గర, పిల్లాడి చెయ్యి పట్టుకుని నిలబడి మాట్లాడటం కూడా అలాంటిదే. తన గురించి తన తల మీదుగా జరిగే సంభాషణను పిల్లలు ఒక్క మాట పొల్లుపోకుండా వింటారు.

2. విశేషణాన్ని క్రియ చేయండి

పరీక్ష సులువు. ఇద్దరు మనుషులు గదికి చెరో మూల కూర్చుని, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా లెక్కపెడితే ఇద్దరికీ ఒకే లెక్క రావాలి. "పొగరుగా ఉంటాడు"ని అలా లెక్కపెట్టలేం. "పని చెప్పినప్పుడు 'చేయను' అని గట్టిగా అంటాడు"ని లెక్కపెట్టవచ్చు. "బద్ధకం" కాస్తా "నోట్సు రాయమన్న తర్వాత 10 నిమిషాలైనా పెన్సిల్ పట్టుకోదు" అవుతుంది. "కోపం ఎక్కువ" అనే మాట "రోజుకి ఒకటి రెండుసార్లు పుస్తకాలు కింద పడేస్తాడు, 5 నుంచి 15 నిమిషాలు ఏడుస్తాడు" అవుతుంది.

కొన్నిటిని ఎన్నిసార్లు అని లెక్కపెట్టాలి, కొన్నిటిని ఎంతసేపు అని. చెయ్యి ఎత్తకుండా అరవడం మొదటి రకం. ఏడుపు, సీటులోంచి లేచి తిరగడం రెండో రకం. రోజుకి ఒక్కసారే ఏడ్చినా అది 40 నిమిషాలైతే "ఒకసారి" అనే అంకె మోసం చేస్తుంది.

టీచర్ ఐదారు సమస్యలు చెబితే ఒకటో రెండో ఎంచుకుందామని అడగండి. దెబ్బలు తగిలే ప్రమాదం ఉన్నది ముందు. తర్వాత, చదువుకి ఎక్కువ అడ్డమొచ్చేది. టీచర్‌కి చిరాకు తెప్పించేది, బల్ల మీద దరువు వేయడం లాంటిది, చివరికి వదిలేయండి. చాలాసార్లు అది వేరే దానితోపాటే తగ్గుతుంది.

3. ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు, అందరూ దాటేసేదీ ఇదే. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి: ముందు, ఏం చేశాడు, తర్వాత. పక్కన తేదీ, సమయం. కనీసం 5 స్కూలు రోజులు, వీలైతే రెండు వారాలు నింపాలి. స్కూల్లో జరిగింది టీచర్, ఇంట్లో జరిగింది మీరు. ఒక్కో గడిలో నాలుగైదు మాటలు చాలు. అంతకన్నా ఎక్కువ రాయమంటే మూడో రోజుకి కాగితం ఖాళీగా వస్తుంది.

ఒక నమూనా. ముందు: లెక్కల పీరియడ్, బోర్డు మీద లెక్కలు రాసుకోమన్నారు. ఏం చేశాడు: పెన్సిల్ విసిరాడు, పక్కవాడి పుస్తకం లాగాడు. తర్వాత: బయట నిలబెట్టారు. ఇలాంటివి నాలుగు వరసలు పక్కపక్కన పెడితే, శిక్ష అనుకున్నది నిజానికి ఏమిటో కనబడుతుంది. బయట నిలబడితే లెక్కలు చేయక్కర్లేదు. పిల్లాడు దాన్ని ఆలోచించి పన్నాగం పన్నక్కర్లేదు. ఏది చేస్తే కష్టం తప్పుతోందో అది మళ్ళీ మళ్ళీ చేయడం మనుషులందరికీ ఉన్నదే.

గొడవ ప్రవర్తన వల్ల పిల్లలకి దక్కేవి సాధారణంగా నాలుగు. ఒకటి, కష్టమైన పని నుంచో, మనిషి నుంచో తప్పించుకోవడం. రెండు, ఎవరో ఒకరు తమని పట్టించుకోవడం. తిట్టడం కూడా పట్టించుకోవడమే. మూడు, కావలసిన వస్తువో ఆటో చేతికి రావడం. నాలుగు, ఒంటికి హాయిగా అనిపించడం. చేతులు ఊపడం, ఊగడం, చొక్కా నమలడం ఎవరూ చూడకపోయినా జరుగుతాయి. "తర్వాత" గడి చూస్తే మీ పిల్లాడిది ఏదో చాలావరకు తేలుతుంది. ఒకే పనికి రెండు కారణాలు ఉండటమూ మామూలే.

ఈ కాగితం చెడేది మొదటి గడిలో. "ఏమీ లేదు, ఊరికే చేశాడు" అని రాస్తారు. ఏమీ లేకపోవడం అరుదు. పాఠం మారిందా, ఆట ఆపమన్నారా, టీచర్ వేరే పిల్లలతో ఉన్నారా, శబ్దం పెరిగిందా, పిల్లాడు చాలాసేపు ఖాళీగా కూర్చున్నాడా అని అడిగితే ఏదో ఒకటి గుర్తొస్తుంది. గొడవ జరగని పీరియడ్లు కూడా గుర్తించమనండి. వాడు బాగుండే గంటలో ఏం నడుస్తోందో తెలిస్తే సగం పరిష్కారం అక్కడే దొరుకుతుంది.

ఇంటివైపు నుంచి ఆ కాగితంలో చేరాల్సినవి వేరే ఉన్నాయి: రాత్రి ఎప్పుడు పడుకున్నాడు, పొద్దున తిన్నాడా, ఒంట్లో బాగుందా, ఇంట్లో ఏమైనా మారిందా. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. నిద్ర చాలని పెద్దవాళ్ళు తూగుతారు. పిల్లలు చాలామంది తూగడానికి బదులు గెంతుతారు, చిరాకు పడతారు. బోర్డు చూసి రాయని పిల్లకి కళ్ళు, పిలిస్తే పలకని పిల్లాడికి చెవులు పరీక్ష చేయించకుండా మొండి అని ముద్ర వేయడం అన్యాయం. మలబద్ధకం, పంటినొప్పి లాంటివీ ప్రవర్తనని పాడుచేస్తాయి. చిన్నపిల్లలు నొప్పి అని చెప్పరు, పక్కవాణ్ణి కొడతారు.

4. మీటింగ్‌ని 30 నిమిషాల్లో ముగించండి

మొదట 5 నిమిషాలు: పిల్లాడికి ఏం బాగా వచ్చు, ఎప్పుడు బాగుంటాడు. ఇది మర్యాద కోసం కాదు. తర్వాత ప్లానులో వాడాల్సిన ముడిసరుకు ఇక్కడే దొరుకుతుంది. తర్వాత 10 నిమిషాలు మూడు గడుల కాగితం చూడటం. ఇంకో 10 నిమిషాలు ఏం చేద్దామనేది. మిగిలిన 5 నిమిషాల్లో ఎవరు, ఏది, ఎప్పటినుంచి అని రాసుకోవడం. క్లాస్ టీచర్, వీలైతే గొడవ ఎక్కువ జరిగే పీరియడ్ టీచర్, కౌన్సెలర్ ఉంటే వాళ్ళూ ఉంటే చాలు. ఇంటినుంచి ఇద్దరు వెళ్తే మేలు: ఒకరు మాట్లాడుతుంటే ఒకరు రాసుకోవచ్చు. ఇద్దరూ ఒకే మాట మీద ఉండాలన్నది ఇంటి దగ్గరే తేల్చుకుని వెళ్ళండి.

అక్కడ పనికొచ్చే ప్రశ్నలు కొన్ని. "అది మొదలయ్యే ముందు వాడిలో ఏమైనా గుర్తు కనబడుతుందా?" "ఇప్పటిదాకా మీరు ప్రయత్నించినవాటిలో కొంచెమైనా పనిచేసింది ఏది?" "అదే విషయంలో ఇంట్లో నేను ఏం చేస్తే మీకు తేలిక?" ఈ మూడోది అడిగితే గదిలో గాలి మారుతుంది. "మీ స్కూల్లో క్రమశిక్షణ లేదు", "ఫీజు కడుతున్నాం కదా" అన్న మాటలతో మీటింగ్ అక్కడికి అయిపోయినట్టే, మనుషులు ఇంకా కూర్చుని ఉన్నా.

పిల్లల్ని పిలవాలా? ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళని చివరి 10 నిమిషాలకి పిలవడం మంచిదని మా అభిప్రాయం. నేరాల చిట్టా చదవడానికి కాదు. ప్లాను చూపించి "ఇందులో నీకు కష్టమనిపించేది ఏది?" అని అడగడానికి.

ఆ సాయంత్రమే ఐదు వాక్యాల్లో రాసి పంపండి: ఏ ప్రవర్తన, మనం అనుకున్న కారణం, స్కూలు చేసేది, ఇల్లు చేసేది, మళ్ళీ కలిసే తేదీ. "నేను ఏదైనా తప్పుగా రాసి ఉంటే సరిచేయండి" అని ముగించండి. నెల తర్వాత "మేము అలా అనలేదే" అనే మాట రాకుండా కాపాడేది ఈ ఐదు వాక్యాలే.

5. చెడ్డ పని మానమంటే చాలదు, బదులు ఏం చేయాలో నేర్పాలి

1985లో ఎడ్వర్డ్ కార్, మార్క్ డ్యూరండ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు ఒక విషయం చూపించారు. పిల్లలు గొడవ చేసి సంపాదించుకుంటున్నదాన్ని మాటతో అడగడం నేర్పితే గొడవ తగ్గింది. అయితే నేర్పిన మాట అసలు కారణానికి సరిపోవాలి. పని కష్టమై అరిచే పిల్లకి "సాయం చేయండి" అనడం నేర్పాలి. ఆమెకి "నేను బాగా రాశానా?" అని అడగడం నేర్పితే ఏమీ మారదు, ఎందుకంటే ఆమెకి కావలసింది మెప్పు కాదు. మూడో మెట్టు దాటేసినవాళ్ళ ప్లాన్లు పడిపోయేది ఇక్కడే.

కాబట్టి టీచర్‌తో ఇది తేల్చుకోండి. తప్పించుకోవడం కోసమైతే బల్ల మీద ఒక కార్డు పెట్టవచ్చు. అది చూపిస్తే 2 నిమిషాలు నీళ్ళు తాగి రావచ్చు, పీరియడ్‌కి రెండుసార్లు. 10 లెక్కల బదులు ముందు 4 ఇచ్చి, అవి అయ్యాక మిగతావి ఇవ్వవచ్చు. పట్టించుకోవడం కోసమైతే, వాడు మంచిగా ఉన్నప్పుడే టీచర్ దగ్గరికి వచ్చి ఒక మాట అనాలి, గొడవ చేశాక కాదు. కొత్త పని పాత పనికన్నా సులువుగా, త్వరగా ఫలితమివ్వాలి. కార్డు చూపించినా 10 నిమిషాలు ఎవరూ చూడకపోతే పెన్సిల్ మళ్ళీ ఎగురుతుంది.

ఒక హెచ్చరిక ఇరువైపులా ముందే తెలియాలి. అరిస్తే చూసేవాళ్ళందరూ చూడటం మానేశాక, మొదటి కొన్ని రోజులు అరుపు పెరగవచ్చు. ప్లాను పనిచేయడం లేదని అప్పుడే ఆపేస్తారు. ఆ పెరిగిన అరుపుకి ఎవరైనా లొంగితే, ఇంకా గట్టిగా అరవాలన్నమాట అని పిల్లాడు నేర్చుకుంటాడు. ఆ వారం ఇంట్లో తాతయ్య, అమ్మమ్మలకి కూడా సంగతి చెప్పి ఉంచండి.

6. రోజువారీ కార్డు

ఇంటికీ స్కూలుకీ మధ్య రోజూ తిరిగే అరచేయంత కాగితం ఇది. ఏకాగ్రత కుదరని పిల్లలకీ, తరగతిలో తరచూ గొడవపడే పిల్లలకీ విరివిగా వాడతారు. టీచర్‌కి పీరియడ్‌కి అర నిమిషం కన్నా ఎక్కువ పట్టకూడదు.

అడ్డంగా పీరియడ్లు, నిలువుగా లక్ష్యాలు. లక్ష్యాలు రెండు లేదా మూడు, ఏం చేయాలో చెప్పేలా: "చెయ్యి ఎత్తి మాట్లాడాను", "పని ఇచ్చిన 2 నిమిషాల్లో మొదలుపెట్టాను". "అరవకూడదు", "లేవకూడదు" అని రాయకండి. ఒక్కో గడిలో టిక్ లేదా ఖాళీ. ఎర్ర సిరా, ఏడుపు బొమ్మలు వద్దు.

అంకె పెట్టడంలో చేసే తప్పే కార్డుని చంపేస్తుంది. ముందు 5 రోజులు ఏ బహుమతీ లేకుండా లెక్క చూడండి. పీరియడ్‌కి సగటున 8 సార్లు మధ్యలో అరుస్తుంటే మొదటి లక్ష్యం సున్నా కాదు, 6. మూడు లక్ష్యాలు, ఆరు పీరియడ్లు అంటే 18 గడులు. ఆ వారం రోజుకి సగటున 10 టిక్కులు వచ్చి ఉండేవైతే 11 లేదా 12 దగ్గర మొదలుపెట్టండి. ఐదు రోజుల్లో నాలుగు రోజులు గెలిచేలా ఉండాలి. రెండు వారాలు అలా గెలిచాక కొంచెం పెంచండి. మొదటి వారమే ఓడిపోయిన పిల్లాడు కార్డుని చింపేస్తాడు, లేదా దారిలో పారేస్తాడు. అందులో తప్పు వాడిది కాదు.

బహుమతి అదే సాయంత్రం ఇవ్వాలి, ఇంట్లో. 20 నిమిషాలు నచ్చిన ఆట, రాత్రి కథ తనే ఎంచుకోవడం, మీతో కలిసి బొమ్మ గీయడం లాంటివి. నెలాఖరుకి సైకిల్ కొంటామనే మాట చిన్నపిల్లలకి పనిచేయదు. నెలాఖరు వాళ్ళకి వచ్చే జన్మ లాంటిది. కార్డుతో ఇచ్చేది వేరే దారిలో ఉచితంగా దొరక్కూడదు. అలాగని భోజనం, నిద్ర, అమ్మానాన్నల ఆప్యాయత లాంటివాటిని కార్డుకి ముడిపెట్టకూడదు.

టిక్కులు చాలనప్పుడు ఏం చేయాలి? "ఈరోజు 9 వచ్చాయి, రేపు చూద్దాం" అని ఊరుకోండి. స్కూల్లో జరిగినదానికి స్కూల్లో పర్యవసానం అయిపోయింది, ఇంట్లో రెండో శిక్ష వద్దు. కార్డు పోగొట్టుకుంటే ఆ రోజు బహుమతి లేదు, తిట్లూ లేవు. టీచర్ నింపడం మరిచిపోతే మాత్రం పిల్లాడు నష్టపోకూడదు. ఏం చేయాలో ముందే అనుకోండి. ఫోన్‌లో అంకె చెప్పినా చాలు. టీచర్ కార్డు వెనక ఫిర్యాదులు రాయడం మొదలెడితే, అవి వారానికోసారి ఫోన్‌లో మాట్లాడుకుందామని నెమ్మదిగా చెప్పండి. తిట్లు మోసుకొచ్చే కాగితాన్ని ఏ పిల్లాడూ ఇంటికి భద్రంగా తేడు.

7. ఎంత తరచుగా, ఏ దారిలో

రోజూ కార్డు, వారానికి 10 నిమిషాల ఫోన్, 4 నుంచి 6 వారాలకి ఒక మీటింగ్. అంతకుమించి రోజూ మెసేజ్‌లు పెడితే టీచర్ జవాబివ్వడం మానేస్తారు. ఒక మెసేజ్‌లో ఒకే విషయం. బాగా గడిచిన రోజు గురించీ ఒక వాక్యం పంపండి: "కార్డు చూపిస్తూ మీ పేరు చెప్పాడు మేడమ్." ఇది పొగడ్త కాదు, ఏ పని పనిచేసిందో టీచర్‌కి తెలియాలి కదా.

మందులు వాడుతుంటే పేరు, మోతాదు, సమయం రాసివ్వండి. మార్చినా, ఆపినా ఆ రోజే చెప్పండి. డాక్టర్ చెప్పిన రోగనిర్ధారణ ఎవరెవరికి తెలియాలన్నది కూడా రాసి పెట్టండి. తెలియాల్సినవాళ్ళకి తెలిస్తే చాలు.

8. ఆగిపోతే

6 వారాలు ఇద్దరూ ప్లాను ప్రకారం నడిచినా అంకె కదలకపోతే, అనుకున్న కారణం తప్పై ఉండవచ్చు. మూడు గడుల కాగితానికి తిరిగి వెళ్ళండి. ప్లాను అమలే కాకపోతే ముందు టీచర్‌నే అడగండి, తర్వాత కౌన్సెలర్‌ని లేదా కోఆర్డినేటర్‌ని, ఆ తర్వాత ప్రిన్సిపల్‌ని, తేదీలతో, రాతపూర్వకంగా. మొదటిరోజే ప్రిన్సిపల్ గదికి వెళ్తే ఆ టీచర్‌తో ఏడాదంతా గడపాల్సింది మీ పిల్లాడే.

పిల్లల డాక్టర్‌నో, సైకాలజిస్టునో కలవాలనుకుంటే స్కూలు కాగితాలు పట్టుకెళ్ళండి. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతిగా కదలడం ఉండే సమస్య) అని నిర్ధారించాలంటే లక్షణాలు కనీసం 6 నెలలుగా ఉండాలి, 12 ఏళ్ళ లోపే మొదలై ఉండాలి, ఇల్లు, స్కూలు లాంటి రెండు చోట్లైనా కనబడాలి. అందుకే టీచర్ మాట లేకుండా డాక్టర్ తేల్చలేరు. "ఇంట్లో అయితే ఇలా చేయడు" అన్న మాట చెప్పాల్సిన చోటు ఇదే.

వీటిలో దేనికీ ఆగకూడని సందర్భాలు ఉన్నాయి. పిల్లాడు తనని తాను గాయపరచుకుంటున్నా, చచ్చిపోతానని అన్నా అదే రోజు స్కూలుకీ డాక్టర్‌కీ చెప్పండి. బాగున్న పిల్లాడు ఉన్నట్టుండి మారిపోతే, స్కూలుకి వెళ్ళనని వణికితే, ఎవరైనా ఏడిపిస్తున్నారా, ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేశారా అని ముందు కనుక్కోండి. స్కూల్లో కొట్టినా, గదిలో పెట్టి తలుపు వేసినా అది ప్రవర్తన మీటింగ్‌లో మాట్లాడే విషయం కాదు. నేరుగా యాజమాన్యానికి, ఆ రోజే, రాసి ఇవ్వండి.

9. ఏడాది చివర

టీచర్ మారినప్పుడు కష్టమంతా బూడిదలో పోసినట్టు కాకుండా ఒక్క పేజీ రాసిపెట్టండి. ఏ ప్రవర్తన ఎంత నుంచి ఎంతకి తగ్గింది, దేనివల్ల మొదలవుతుంది, ముందు కనబడే గుర్తు, అప్పుడు ఏం చేస్తే తగ్గుతుంది, ఏం చేస్తే పెరుగుతుంది, ఏ బహుమతి పనిచేసింది. పాత టీచర్‌తో ఒకసారి చదివించి సరిచేయించుకోండి. కొత్త టీచర్‌కి మొదటి రోజు హడావిడిలో ఇస్తే డ్రాయరులోకి వెళ్తుంది. రెండో వారంలో 10 నిమిషాలు అడిగి, చేతికిచ్చి, మొదటి నెల పాత కార్డే కొనసాగించమని అడగండి.